సున్నా వచ్చిన పేపరు

తెర మీద కాత్యాయని పేరు పక్కన సున్నా పడగానే హాల్లో ముందు ఎవరూ నవ్వలేదు. కాసేపాగి వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. ఇక అడ్డేముంది, హాలంతా అందుకుంది.

నవ్వరూ మరి! ఆ తీరప్రాంత జీవశాస్త్ర సంస్థలో భావిసూచి పెట్టి పదిహేనేళ్ళయింది. ఎంత పనికిమాలిన పేపరుకైనా అది సున్నా ఇచ్చిన పాపాన పోలేదు. రొయ్య తల ఎటువైపు తిప్పుతుందో చూసి రాసిన పేపరుకి కూడా ఏడు వచ్చాయి. ఎవరికి వాళ్ళు తమ పాత పేపర్ని కొత్త పేపర్లో ఉటంకించుకున్నా రెండో మూడో రావాలి కదా! కాత్యాయనికి ఆ భాగ్యం కూడా లేదట. ముందుముందు తన పేపర్ని తనే తలుచుకోదట.

భావిసూచి అంటే మరేం లేదు. లోకంలో అచ్చైన శాస్త్ర పత్రాలన్నీ మింగి కూర్చున్న యంత్రం. కొత్త పేపరొకటి నోట్లో వేస్తే చాలు, రాబోయే నలభై ఏళ్ళలో ఏ ల్యాబులో ఎవరు ఏం రాస్తారో అల్లుకుంటూ పోయి, వాటిలో ఎన్ని ఈ పేపర్ని ఉటంకిస్తాయో అంకె చెప్పేస్తుంది. చెప్పిన అంకె ఇప్పటిదాకా ఒకటీ రెండూ తప్ప తేడా రాలేదు. అందుకని పెద్దలంతా కూర్చుని ఒక నిబంధన రాసుకున్నారు. పది కన్నా తక్కువ వస్తే ల్యాబు మూసెయ్యాలి, పదిహేను రోజుల్లో నమూనాలన్నీ ఆవిరి పెట్టెలో ఉడకబెట్టి పారెయ్యాలి. 

"కాత్యాయని గారూ, మీ రికార్డు మొదట్నించీ అంతేగా," అన్నాడు డైరెక్టర్ భుజంగరావు, మైకులోనే. "ఇరవై రెండేళ్ళలో పదకొండు పేపర్లు. అవీ ఏడు సబ్జెక్టుల్లో. ఒక చోట కాలు నిలవందే పేరెలా వస్తుందమ్మా?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఉప్పు రసాయనం వాళ్ళు ఆవిణ్ణి సూక్ష్మజీవుల మనిషి అన్నారు. సూక్ష్మజీవుల వాళ్ళు చర్మవ్యాధుల మనిషి అన్నారు. చర్మవ్యాధుల వాళ్ళు అసలు డాక్టరే కాదు పొమ్మన్నారు. ఆవిడ మాత్రం ఉప్పు మడుల్లో పనిచేసే ఆడవాళ్ళ పాదాల వెంట పడి, ఆ పాదాలు ఎటు తీసుకెళితే అటు వెళ్ళింది. మధ్యలో ఎన్ని సబ్జెక్టులు దాటిందో చూసుకోలేదు.

"సార్," అని లేచి నిలబడింది కాత్యాయని. "పదిహేను రోజులన్నారు. ఈ రోజు కలిపా, కలపకుండానా?"

"కలపకుండానే లెండి," అన్నాడాయన దయగా.

"అయితే పదిహేనో రోజు సాయంత్రం దాకా నా ల్యాబు తాళం నా దగ్గరే ఉంటుంది," అని బ్యాగు భుజాన వేసుకుని, నవ్వుతున్న వాళ్ళ మధ్య నుంచే నడిచి బయటికెళ్ళిపోయింది. మెట్లు దిగాక మాత్రం స్టాండులో తన స్కూటర్ ఎక్కడుందో వెతుక్కోవడానికి ఐదు నిమిషాలు పట్టింది.

ఇంటికెళ్ళేసరికి వరండాలో ఇందుమతి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. కాత్యాయని భర్త శేషగిరికి ఆవిడ అక్క. పెళ్ళి చేసుకోలేదు, లెక్కలనే కట్టుకుంది. ఇరవై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఒకే పొయ్యి మీద వదినా మరదళ్ళిద్దరూ వండుకుతింటున్నారు. ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, ఆ భావిసూచిని పుట్టించింది ఈ ఇందుమతే. రిటైరై మూడేళ్ళయినా దానికి జలుబు చేస్తే సంస్థ వాళ్ళు ఇప్పటికీ ఆవిడకే కబురు పెడతారు.

"వదినా, మీ బిడ్డ నాకు సున్నా చుట్టింది," అంది కాత్యాయని చెప్పులు విడుస్తూ.

ఇందుమతి చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. "సున్నానా? ఒకటో రెండో అయ్యుంటుందే. సరిగ్గా చూశావా?"

"ఊరంతా చూసింది."

"సున్నా రాదమ్మాయ్. రాకూడదు," అంది ఇందుమతి. తర్వాత అలవాటు కొద్దీ గట్టిపడింది. "వచ్చిందంటే మాత్రం అది నిజమే. సూచికి నీ మీద పగేముంది? అది అబద్ధమాడదు."

"పాదాలకి నేను చేసిన పూత పనిచేస్తుంది వదినా! నా కళ్ళతో చూశాను. వేళ్ళు తీసేసిన కాళ్ళు మళ్ళీ మడిలో దిగుతున్నాయి."

"పనిచెయ్యడం వేరు, నిలబడటం వేరు. నలభై ఏళ్ళలో ఒక్కడంటే ఒక్కడికి కూడా అవసరపడని పని, ఎంత బాగున్నా..." ఆ మాట పూర్తి చెయ్యలేదు ఇందుమతి.

"చెప్పండి, ఆగారే? పనికిమాలినదనేగా!"

అప్పుడే డిపో నుంచి వచ్చిన శేషగిరి, ఇద్దరి మొహాలూ చూసి, బూట్లు చేత్తో పట్టుకుని పిల్లిలా లోపలికి జారుకున్నాడు. ఆర్టీసీలో పాతికేళ్ళు కార్మిక సంఘాలతో వేగిన మనిషికి ఎక్కడ తలదూర్చకూడదో తెలుసు. ఆ పూట భోజనాల దగ్గర చిక్కుడుకాయ కూరలో ఉప్పు ఎక్కువైనా ఎవరూ అనలేదు.

మర్నాడు పొద్దున్నే మడులపాలెం బస్సెక్కింది కాత్యాయని. పూత ట్రయల్ ఆగిపోయిందని అందులో ఉన్న నలభై మందికీ ఆవిడే చెప్పాలి. 

మడులపాలెంలో మూడొందల మంది ఉప్పు మడుల్లో పనిచేస్తారు. వాళ్ళకొచ్చే రోగం పేరు తెల్లపగులు. పాదం అడుగున సన్నటి గీతగా మొదలై, తెల్లగా నానిపోయి, ఎముక దాకా చీలుతుంది. ఆ తర్వాత వేలు తీసేస్తారు, తర్వాత పాదం. కాత్యాయని పన్నెండేళ్ళు ఆ మడుల గట్లు గీకి, పదిహేడో నమూనాలో ఒక సూక్ష్మజీవిని పట్టుకుంది. దాన్ని పెంచి పాదానికి రాస్తే చర్మం మీద సన్నటి పొరలా స్థిరపడి ఉప్పుని లోపలికి పోనివ్వదు. ఇరవై మందికి ఆ పూత, మరో ఇరవై మందికి పూతలాగే కనపడే ఉత్త పిండి ఇచ్చి తేడా చూసింది. మూడు నెలలు తేడా స్పష్టంగా కనిపించింది. నాలుగో నెల నుంచి, అదేం మాయో, ఉత్త పిండి వాళ్ళకి కూడా నయమవడం మొదలైంది. అదెందుకో అంతుపట్టక పేపర్లో మొదటి మూడు నెలల లెక్కే రాసి, ఆ సంగతి కూడా దాచకుండా కింద ఒక వాక్యం చేర్చింది. 

బస్సు దిగగానే ఆరోగ్య ఉపకేంద్రం ముందు నర్సు సువర్ణ పట్టుకుంది. చేతిలో ఒక కాగితం, మొహం నిండా కోపం.

"చూడండి మేడమ్, నా ఖర్మ! 'మీ కేంద్రంలో ఏప్రిల్ నుంచి పాదాల పుండ్ల కేసులు నమోదు కాలేదు. మీరు ఊరు తిరగడం లేదని భావించవలసి వస్తోంది. వారంలోగా సంజాయిషీ ఇవ్వాలి' అట! కేసులుంటే కదా మేడమ్ రాయడానికి? పుండు లేనందుకు నాకు మెమోనా?"

"మరి ఏం చేశావు?"

సువర్ణ గొంతు తగ్గించింది. "ఒక పేరు రాసేశాను. మా అత్తగారిది. ఆవిడ జన్మలో మడిలో కాలు పెట్టలేదు. ఏం చెయ్యను మేడమ్, కాలమ్ ఖాళీగా ఉంటే సెంటరే ఎత్తేస్తారంట!"

కాత్యాయని నవ్వబోయి ఆగిపోయింది. అక్కడే బెంచీ మీద కూలబడి ఆ మెమోని రెండోసారి చదివింది, మూడోసారి చదివింది. ఇక్కడ ఆవిడ ఇంకో లెక్క కూడా వేసుకుని ఉండాల్సింది. పూత ఇచ్చింది ఇరవై మందికైతే మూడొందల మందిలో ఒక్క కేసూ లేకపోవడమేమిటని! కానీ అప్పుడు ఆవిడ మెదడంతా వేరే దాని మీద ఉంది.

"సువర్ణా, రోగం లేకపోతే పైవాళ్ళు పని జరగలేదనుకున్నారు. అంతేనా?"

"అంతేగా మరి."

"ఈ కాగితం నాకు ఒక్కరోజు ఇవ్వు," అని లాక్కున్నంత పని చేసి, తిరుగు బస్సెక్కేసింది. నలభై మందికి చెప్పాల్సిన మాట చెప్పనే లేదు. 

ఇంట్లో ఇందుమతి మెమో చదివి కళ్ళద్దాలు తీసింది. "అయితే ఏమంటావు?"

"సూచిని నా పేపరు గురించి అడగొద్దు వదినా. రోగం గురించి అడగండి. నా పేపరు లేకపోతే నలభై ఏళ్ళలో తెల్లపగులు మీద లోకం మొత్తమ్మీద ఎన్ని పేపర్లు వస్తాయి? ఉంటే ఎన్ని వస్తాయి?"

ఇందుమతి కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. చీర మార్చుకుని, సంస్థ తాళంచేతులు తీసుకుని, "పద," అంది. 

యంత్రం గది చల్లగా ఉంటుందని శాలువా కప్పుకుని కూర్చుని, ముందు కాత్యాయని పేపర్ని పక్కకి తీసి అడిగింది. కాసేపు పట్టింది. రెండు వేల మూడొందల ఆరు. ఏటేటా పెరుగుతూ పోయాయి. సదస్సులు, ప్రత్యేక సంచికలు, ఎవరి పాదం ఏ కోణంలో చీలుతుందని మూడు దేశాల మధ్య వాదాలు. తర్వాత పేపర్ని మళ్ళీ లోపల పెట్టి అడిగింది. మొదటి ఏడు నలభై ఒకటి. రెండో ఏడు పన్నెండు. ఐదో ఏడు నుంచి గీత నేలకి అంటుకుపోయింది, ఇక లేవలేదు. 

కాత్యాయని కుర్చీ తెర దగ్గరికి లాక్కుంది. 

"మొదటి రెండేళ్ళలో రాసిన ఆ యాభై మందైనా నన్నెందుకు తలుచుకోలేదు వదినా?"

"ఎందుకు తలుచుకుంటారే?" అంది ఇందుమతి మెల్లగా. "తన సబ్జెక్టుని మాయం చేసిన పేపర్ని ఎవడు ఉటంకిస్తాడు? చేతిలో ఉన్నవేవో గబగబా అచ్చేసుకుని, చప్పుడు చెయ్యకుండా వేరే రోగం వెతుక్కుంటారు. వాడుకునే వాళ్ళు వాడుకుంటారు, కానీ వాళ్ళు పేపర్లు రాయరు. నా సూచికి కాగితాలే కనపడతాయి కాత్యాయనీ. కాళ్ళు కనపడవు." 

అక్కడితో ఆగితే బాగుండేది. ఇందుమతి ఆగే మనిషి కాదు. పదిహేనేళ్ళలో మూసేసిన ల్యాబుల జాబితా తెరిచింది. రెండొందల చిల్లర. రెండు రోజుల పాటు ఒక్కొక్కదాని గురించీ అదే ప్రశ్న అడుగుతూ పోయింది. చాలా వరకు చెత్తే, మూసినందుకు ఏ నష్టమూ లేదు. కానీ తొమ్మిది పనుల దగ్గర గీత ఇలాగే నేలకి అంటుకుపోయింది. అందులో ఒకటి చూడగానే ఇందుమతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. 

"దేవసహాయం," అంది. "నేతపనివాళ్ళ నూలు దగ్గు మీద పనిచేశాడు. పదకొండేళ్ళ కింద రెండొచ్చాయి. ఇంకో ఏడాది ఇమ్మని ఈ గదిలోనే నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడే. 'అంకె చెప్పింది నేను కాదు నాయనా' అన్నాను. ఇప్పుడు చీరాలలో ఇంటర్ పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటున్నాడు. పోయినేడు నూలు దగ్గు అధ్యయన కేంద్రమని ఆరంతస్తుల మేడ కట్టారు. రిబ్బను కత్తిరించింది నేనే." 

పదకొండేళ్ళు ఆ దగ్గుతో పోయినవాళ్ళు ఎంతమందో ఏ సూచీ చెప్పదు. ఇందుమతి శాలువా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కాత్యాయని ఆవిడ వీపు మీద చెయ్యి వేసింది, అంతకన్నా ఏం చెయ్యాలో తెలియలేదు. మొన్నటి కోపం ఎటు పోయిందో పోయింది. 

మర్నాడు ఇద్దరూ కలిసి ఆ గీతల కాగితాలన్నీ భుజంగరావు బల్ల మీద పరిచారు. ఆయన బుర్రలేని మనిషి కాదు. రెండు నిమిషాల్లో అర్థం చేసుకున్నాడు, అదే వచ్చిన చిక్కు. 

"రెండు వేల మూడొందల ఆరు పేపర్లు," అన్నాడు వేలితో గీత మీద రాస్తూ. "ఇందులో మన సంస్థవి ఎన్నున్నాయి మేడమ్?" 

"నాలుగొందలు పైగా," అంది ఇందుమతి. 

"అంటే ఈవిడ ఒక్క పేపరుతో నా సంస్థ నాలుగొందల పేపర్లు పోగొట్టుకుంటుంది. పాదాల అధ్యయన కేంద్రం కావాలని నేను పైకి రాసి ఎన్నాళ్ళయిందో తెలుసా? యాభై మంది కుర్రాళ్ళకి ఉద్యోగాలొస్తాయి. వాళ్ళకి నన్నేం చెప్పమంటారు, రోగం లేదు ఇంటికెళ్ళండని చెప్పనా?" 

"చెప్పండి!" అంది కాత్యాయని. "అంతకన్నా మంచి కబురు మీ జన్మలో ఎవరికైనా చెప్పారా?" 

"ఆవేశపడకండి. నిబంధన నిబంధనే. నమూనాలు ఉడకబెట్టేది మీకు మాటిచ్చినట్టే, పదిహేనో రోజు సాయంత్రం. నేనే వచ్చి చూస్తాను." 

"సిగ్గుగా లేదటయ్యా?" అంది ఇందుమతి. ఆయన ఒకప్పుడు ఆవిడ స్టూడెంటు. ఆయన తల వంచుకున్నాడు గానీ మాట మార్చలేదు. 

మిగిలింది పదకొండు రోజులు. ఈసారి మడులపాలెం వెళ్ళి కాత్యాయని నలభై మందినీ ఉప్పు కుప్పల నీడన కూర్చోబెట్టి, ఏదీ దాచకుండా చెప్పింది. ల్యాబు మూసేస్తారనీ, పూత ఇక రాదనీ, దాన్ని పెంచే విత్తనం కూడా మిగలనివ్వరనీ. చెబుతూ ఆవిడే కళ్ళు తుడుచుకుంది. వినేవాళ్ళ మొహాల్లో మాత్రం ఏడుపు లేదు. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటున్నారు. చివరికి మస్తానమ్మ గొంతు సవరించుకుంది. కుడికాలికి రెండు వేళ్ళు పోయిన మనిషి, పూత మొట్టమొదట రాయించుకున్న మనిషి. 

"డాక్టరమ్మా, తిట్టనంటే ఒకటి చెబుతా." 

"చెప్పు." 

"మీరు ఆపితే మీకాడ ఆగుద్ది. మాకాడ ఎట్టా ఆగుద్ది? తోడు ఉందిగా!" 

"ఏం తోడు?" 

"అదేనమ్మా, పూత. మీరిచ్చే సీసా యాడికి సరిపోద్ది? మా ఆడబిడ్డ కాళ్ళు చూళ్ళేక కాస్త మిగిల్చి, గంజి చల్లార్చి, మడి అడుగున మిగిలే చేదునీళ్ళు ఒక గరిటె పోసి, పెరుగుకి వేసినట్టు తోడేశా. పొద్దునకి చక్కంగా తోడుకుంది. ఆమె వాళ్ళమ్మకిచ్చింది. వాళ్ళమ్మ పక్కింటికిచ్చింది. ఇప్పుడు ఇంటింటా ఉండాది." 

కాత్యాయని కేకే పెట్టింది. "ఉత్త పిండి వాళ్ళక్కూడా ఇచ్చారా?" 

"ఇయ్యమా ఏంది?" అంది మస్తానమ్మ ఆశ్చర్యంగా. "తోడు అడిగితే లేదంటారా ఎవరన్నా? వాళ్ళేమన్నా పరాయోళ్ళా?" 

"నా ట్రయల్ అంతా నాశనం చేశారు కదే! నాలుగో నెల నుంచి ఎందుకు నయమైందో తెలియక నేను జుట్టు పీక్కున్నాను! ఆర్నెల్లు నిద్రలేదు నాకు!" 

"కాళ్ళు బాగైతే నీకు నిద్రెందుకు రాలేదమ్మా?" అని ఎవరో వెనక నుంచి అడిగారు. 

కాత్యాయనికి ముందు కోపమొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగలేదు, పొట్ట పట్టుకుని ఉప్పు మీదే కూర్చుని నవ్వింది. పన్నెండేళ్ళ పనిని ఆవిడ గాజు సీసాల్లో, కొలిచిన వేడిలో, తాళం వేసిన గదిలో పెంచుతోంది. వీళ్ళు అన్నం వార్చిన గంజిలో పెంచేశారు. 

ఆ పదకొండు రోజులూ ల్యాబు చేసిన పని ఇంతా అంతా కాదు. పద్నాలుగు ఇళ్ళ నుంచి కుండలు తెప్పించి పరీక్ష చేసింది కాత్యాయని. పదమూడు శుభ్రంగా ఉన్నాయి. పద్నాలుగోది చెడిపోయింది. మంచిదే కదా అని ఆ ఇంటావిడ చిటికెడు పసుపు వేసిందట! ఊళ్ళో గుమ్మం గుమ్మం తిరిగి పసుపు వద్దని, కుండ మూత గట్టిగా బిగించొద్దని, వాసన మారితే పారబోసి పక్కింట్లో కొత్త తోడు తెచ్చుకోమని చెప్పింది. చుట్టుపక్కల ఉప్పు ఊళ్ళకి వియ్యంకుల ద్వారా, అక్కచెల్లెళ్ళ ద్వారా కుండలు వెళ్ళాయి. శేషగిరి కూడా ఇక తలదూర్చక తప్పలేదు. తీరం వెంబడి తిరిగే బస్సుల్లో కండక్టర్ల సీటు కింద మూతలు వదులు చేసిన కుండలు ప్రయాణం చేశాయి. 

పదిహేనో రోజు సాయంత్రం భుజంగరావు సాక్షులతో వచ్చాడు. కాత్యాయని తన చేత్తోనే పదిహేడో నమూనా సీసాలన్నీ ఆవిరి పెట్టెలో పెట్టి, మీట నొక్కి, కాగితాల మీద సంతకాలు చేసి, తాళం ఆయన చేతిలో పెట్టింది. కంట తడి లేదు. ఆయనకి అదే అనుమానంగా అనిపించింది. తోడు మాట లేని పేపరు ఇప్పుడు సగం అబద్ధమని, అచ్చుకి పంపినదాన్ని కూడా ఆవిడ వెనక్కి తీసేసుకుంది. 

ఐదు నెలలు తిరక్కుండా భుజంగరావుకి అనుమానం తీరింది. పాదాల కేంద్రం మంజూరు చేసే ముందు పైవాళ్ళు సూచిని మళ్ళీ ఒకసారి అడిగారు. కాత్యాయని పేపరు ఎక్కడా లేదు కదా, రెండు వేల మూడొందలు రావాలి. అరవై వచ్చాయి. కేసులు దొరక్క తీరం పొడవునా కొత్త పేపర్లే ఆగిపోయాయి మరి. మర్నెల అడిగితే ఇరవై. ఏ పేపరు వల్ల ఇలా జరుగుతోందో సూచి చెప్పలేకపోయింది, ఎందుకంటే ఏ పేపరూ లేదు. 

విచారణ సంఘం అంటూ భుజంగరావుతో కలిపి ముగ్గురు మడులపాలెం పంచాయతీ ఆఫీసులో దిగారు. అనుమతి లేని పూత రోగుల మీద వాడారన్నది ఆరోపణ. నిరూపించాలంటే పద్ధతి ప్రకారం ఒక్క రోగినైనా చూపించాలి. రెండు రోజులు వెతికారు. ఆడవాళ్ళు అడగకుండానే అరుగుల మీద కూర్చుని పాదాలు పైకెత్తి చూపించారు. సువర్ణ రిజిస్టర్లో దొరికిన ఒకే ఒక్క కేసు పట్టుకుని పరుగున వెళితే, ఆవిడ అత్తగారు, "నా కాలికేం రోగం నాయనా, నీ నోటికి రోగం!" అని తరిమింది. 

మూడో రోజు కాత్యాయనిని పిలిచారు. ఇందుమతి కూడా వెంట వచ్చింది. కిటికీల నిండా జనం. 

భుజంగరావు అలసిపోయి ఉన్నాడు. "చూడండి కాత్యాయని గారూ, మీ మీద నాకు ద్వేషమేమీ లేదు. వాంగ్మూలంగా ఒక్క వాక్యం రాసివ్వండి. ట్రయల్‌కి వచ్చిన ఆడవాళ్ళు మీకు తెలియకుండా నమూనా దొంగిలించారని. మీ ఉద్యోగం నిలబడుతుంది, ల్యాబు కూడా తిరిగి ఇప్పిస్తాను. లేదంటే రేపట్నించి మీరు ఏ సంస్థలోనూ అడుగు పెట్టలేరు. ఇరవై రెండేళ్ళ రికార్డు ఇక్కడితో పోతుంది." 

కిటికీ దగ్గర మస్తానమ్మ గట్టిగా అంది. "రాసెయ్యమ్మా. దొంగలంటే మాకేం? మమ్మల్నేం చేస్తారు, ఉప్పులో పాతేస్తారా?" 

కాత్యాయని ఆమె వంక చూసింది. ఆ ఉద్యోగం లేకుండా తను ఎవరో ఆవిడకి నిజంగానే తెలియదు. భయమేసింది, చాలా భయమేసింది. అయినా కాగితాలు ముందుకి లాక్కుని రాయడం మొదలుపెట్టింది. ఒక పేజీ అయింది, రెండో పేజీ అయింది. సంఘంలో ఒకాయన ఆవలించాడు. నాలుగో పేజీ చివర ఆపి, గట్టిగా చదివింది. 

అందులో దొంగతనం మాటే లేదు. పూత ఎలా చెయ్యాలో ఉంది. గంజి ఎంత చల్లారాలో, చేదునీళ్ళు ఎంత పొయ్యాలో, తోడు ఎంత వెయ్యాలో, పసుపు ఎందుకు వేయకూడదో, ఎన్ని రోజులు రాయాలో, ఎవరికి రాయకూడదో, ఎన్ని ఊళ్ళలో ఎన్ని పాదాలు నయమయ్యాయో ఉంది. ఆఖర్న, 'ఇదంతా మేము తెలిసే, ఇష్టపడే చేశాము' అని ఉంది. 

"ఇది వాంగ్మూలం కాదు," అన్నాడు భుజంగరావు పాలిపోయి. "ఇది పేపరు!" 

"అవును సార్. వాంగ్మూలం నకళ్ళు తీరప్రాంత జిల్లాల ఆఫీసులన్నిటికీ పంపాలని మీ నిబంధనల్లోనే ఉందిగా? రాత్రి చదివాను. ఒక్క పేజీ తీసెయ్యడానికి కూడా మీకు వీల్లేదు." 

కిటికీలోంచి ఈల వినపడింది. కాత్యాయని కలం పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచింది. "మస్తానమ్మా, మొదటి పేరు నీది. తోడు కనిపెట్టింది నువ్వు." 

"నాకు సంతకం రాదే!" 

"వేలిముద్ర చాలు." 

మస్తానమ్మ కుడిబొటనవేలు సిరాలో ముంచి గట్టిగా నొక్కింది. తర్వాత ఆమె ఆడబిడ్డ, ఆ ఆడబిడ్డ తల్లి, పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు. కాగితాలు చాలక పంచాయతీ గుమాస్తా ఇంకో దస్తా తెచ్చాడు. అతనిచ్చిన కాగితం మీద అతని భార్య పేరు కూడా పడింది. చివర్న కాత్యాయని ఇంటిపేరుతో సహా రాసి సంతకం చేసింది. 

ఆవిడ కలం మూత పెట్టబోతుంటే ఇందుమతి లేచింది. 

"జరుగమ్మాయ్," అంది. "భావిసూచి తప్పు చూపిస్తోందని, దాన్ని తయారుచేసిన నేనే చెబుతున్నానని, ఇక్కడ ఇంకో వాక్యం పట్టించాలి. తొమ్మిది ల్యాబుల పేర్లు కూడా రాస్తాను. దేవసహాయం పేరుతో మొదలుపెడతాను." 

"మేడమ్, ఆలోచించండి," అన్నాడు భుజంగరావు. "మీ పదిహేనేళ్ళ పేరు..." 

"ఊరుకోవయ్యా," అని ఇందుమతి కళ్ళద్దాలు సర్దుకుని, ఒక్కో పేరూ విడివిడిగా, పిల్లలు కాపీ రాసినట్టు గుండ్రంగా రాసింది. కింద తన సంతకం పెట్టింది. 

సంఘంలో రెండో ఆయన పేర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి, రెండొందలు దాటాక మానేశాడు. "ఇంతమంది మీద చర్య ఎలా తీసుకుంటాం సార్?" అని భుజంగరావు చెవిలో గొణిగాడు. గొణిగింది కిటికీల దాకా వినపడింది, బయట నవ్వులు. 

కాత్యాయని కాగితాలన్నీ సర్ది, అంచులు బల్లకి తట్టి సమానం చేసి, భుజంగరావు ముందు పెట్టింది. 

"అందినట్టు ఇక్కడ సంతకం పెట్టండి సార్," అంది. "తేదీ కూడా వెయ్యండి."